గాలిని గిరగిరా తిప్పితే మైలేజి పెరుగుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా విజయవాడ రోడ్డుకు రెండు పక్కలా వున్న సందుల్లో బండ్లు బాగుచేసే షెడ్డు కనిపించని సందు అరుదు. చైతన్యపురి సంగతి చెప్పనే అక్కరలేదు. పాత స్కూటరును విప్పి గోనెపట్టా మీద పరిచినవాడు ఒకడు, కారు బానెట్టు ఎత్తి నడుము దాకా లోపలికి దూరినవాడు మరొకడు. వాళ్లకు కావలసిన విడిభాగాలు, వాహనదారులకు అక్కర వున్నవీ లేనివీ అయిన అలంకార సామగ్రి అమ్మే దుకాణాలకూ ఇక్కడ కొదవ లేదు. అటువంటి దుకాణాల్లో చిరకాలంగా అమ్ముడుపోతున్న వస్తువు ఒకటి వున్నది. అరచేతిలో ఇమిడే రేకు చక్రం. లోపల ఫ్యాను రెక్కల్లా వంచిన పలకలు, చుట్టూ ఒక కట్టు. ఎయిర్ ఫిల్టరుకూ కార్బురేటరుకూ నడుమ దీన్ని బిగిస్తే లోపలికి పోయే గాలి సుడి తిరుగుతుందట. సుడి తిరిగిన గాలిలో పెట్రోలు బాగా కలుస్తుందట. బాగా కలిసిన పెట్రోలు పూర్తిగా కాలి, మైలేజి ఇరవై ముప్ఫై శాతం పెరుగుతుందట. ఇప్పుడు దుకాణం దాకా పోనక్కర కూడా లేదు. ఫోనులో ఒక మీట నొక్కితే పోస్టులో ఇంటికే వస్తుంది.

వినడానికి సబబుగానే వుంటుంది. చిక్కంతా అక్కడే వున్నది. బొత్తిగా అబద్ధమైతే ఎవడూ కొనడు. పాలలో చక్కెర వేసి చెంచాతో తిప్పితే కరుగుతుందన్నది ఇంటింటా తెలిసిన సంగతే గనుక, గాలిని తిప్పితే పెట్రోలు కలుస్తుందనే మాట చెవికి ఇంపుగా తోస్తుంది. హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 2021 జూన్‌లో వంద రూపాయలు దాటిన తర్వాత ఆ మాటకు మరింత గిరాకీ ఏర్పడటంలో వింత లేదు.

అద్దె కారు నడుపుకునే మనిషి లెక్క చూద్దాం. రోజుకు అరవై కిలోమీటర్లు తిరుగుతాడు, లీటరుకు పదిహేను వస్తుంది అనుకుందాం. నాలుగు లీటర్లు. లీటరు గుండుగుత్తగా వంద అనుకున్నా నాలుగు వందలు. మైలేజి ఇరవై శాతం పెరిగితే పదిహేను కాస్తా పద్ధెనిమిది అవుతుంది. రోజుకు అరవై ఆరు రూపాయలు, నెలకు రెండు వేలు మిగులుతాయి. పదిహేను వందలు పెట్టి కొన్న చక్రం నెల తిరక్కుండానే తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు కళ్ల ముందు మెదిలే మనిషికి ఈ లెక్క చూపిస్తే అతని చెయ్యి జేబులోకి పోవడం తప్పా? తప్పు అతనిది కాదు. లెక్కలోని మొదటి అంకె తప్పు.

పెట్రోలు ఇంజనులో ఎలా కాలుతుందో తెలిస్తే ఆ తప్పు తేలిపోతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు పదకొండు కిలోల గాలి కావాలి. కొలతల్లో చెప్పాలంటే దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి. ఈ రెండింటినీ తగుపాళ్లలో కలపడమే కార్బురేటరు పని. దానిలో గాలిగొట్టం ఒకచోట సన్నని గొంతులా ఇరుకవుతుంది. అక్కడ గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడికి పక్కనున్న ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి తుంపరలై గాలిలో కలుస్తుంది. ఈ సూత్రం పద్ధెనిమిదో శతాబ్ది నాటిది. ఎంత గాలి పోతే అంత పెట్రోలు దానంతట అదే వచ్చేటట్లు చేసిన ఈ చిన్న పరికరం, కరెంటుతో గాని కంప్యూటరుతో గాని పని లేకుండా వందేళ్లు లోకాన్ని నడిపింది. అంబాసిడరు, ఫియట్, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, బజాజ్ చేతక్ అన్నీ మొదట్లో దీని మీద తిరిగినవే.

ఇప్పుడు రేకు చక్రాన్ని దీనికి ముందు బిగించారు. గాలి సుడి తిరుగుతూ వచ్చింది. వెంటనే ఎదురయ్యేది ఆ సన్నని గొంతు. తర్వాత యాక్సిలరేటరు నొక్కితే తెరుచుకునే పళ్లెం. ఊళ్లో నడిపేటప్పుడు, అంటే చైతన్యపురి నుంచి మలక్‌పేట దాకా బండి పాకుతున్నప్పుడు, ఆ పళ్లెం ఓరవాకిలిగా మాత్రమే తెరిచి వుంటుంది. ఓరవాకిలి సందులోంచి దూరే గాలికి అంతకు ముందటి సుడి ఏం మిగులుతుంది? అది దాటాక మానిఫోల్డు వంపులు. చివరకు ఇంజను వాల్వు. వాల్వు పైకి లేచినప్పుడు ఏర్పడే సన్నని సందులోంచి గాలి సిలిండరులోకి చిమ్ముకొచ్చే జోరు ముందు, ఈ రేకు రెక్కలు పుట్టించిన సుడి ఏ మూలకూ చాలదు. తలుపు దగ్గర పెట్టిన విసనకర్ర గాలి నాలుగు గదులు దాటి వంటింట్లో పొయ్యిని రాజేస్తుందని నమ్మినట్లే వుంటుంది.

పైగా నష్టం కూడా వున్నది. గాలి దారిలో ఏ అడ్డం పెట్టినా అది అడ్డమే. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ అడ్డం తెలియదు, డ్రైవరు తెలియకుండానే కాలు కాస్త ఎక్కువ నొక్కి సర్దుకుంటాడు. హయత్‌నగర్ దాటాక లారీని దాటబోయి పూర్తిగా నొక్కినప్పుడు తెలుస్తుంది, పికప్ తగ్గిందని. దాటేటప్పుడు పికప్ తగ్గడమంటే ఏమిటో ఆ రోడ్డు మీద నడిపేవారికి వివరించనక్కర లేదు. ఇక రేకు అతుకు ఊడి ఒక ముక్క లోపలికి పోయిందంటే ఆ బండి షెడ్డు నుంచి ఎప్పుడు బయటకు వస్తుందో చెప్పలేం.

మిర్యాలగూడ మిల్లు చెప్పే పాఠం

కొందరు చక్రాన్ని కార్బురేటరుకు ముందు గాక దాని కింద, మానిఫోల్డుకు నడుమ పెడతారు. అక్కడ గాలిలో పెట్రోలు తుంపరలు అప్పటికే వుంటాయి గనుక కలపడం బాగా జరుగుతుందని వాదన. ఇది మొదటిదాని కంటే తెలివైన వాదన. అయితే దీనికి జవాబు ఈ విజయవాడ రోడ్డు మీదనే వున్నది. నార్కెట్‌పల్లి దాకా పోయి కుడిచేతికి తిరిగితే మిర్యాలగూడ వస్తుంది. రైసు మిల్లుల వూరు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి ప్రాంతాల్లో కాపురముంటున్న నల్లగొండ జిల్లావారికి మిల్లు పైన నిలబెట్టిన పెద్ద రేకు గరాటు పరిచితమే. ఊకదుమ్ముతో నిండిన గాలిని దానిలోకి పక్కవాటుగా వదులుతారు. గాలి లోపల సుడి తిరుగుతుంది. తిరిగినప్పుడు బరువైన దుమ్ము గోడకు కొట్టుకుని కిందికి జారిపోతుంది. దుమ్ము వదిలిన గాలి పైనుంచి బయటికి పోతుంది. ఆ యంత్రం పేరే సైక్లోను.

గమనించవలసింది ఏమంటే, అక్కడ సుడి కలపడానికి వాడటం లేదు. విడదీయడానికి వాడుతున్నారు. తేలిక గాలిలో బరువు తుంపరలు వున్నప్పుడు దాన్ని గిరగిరా తిప్పితే తుంపరలు గోడకు పోయి అంటుకుంటాయి. ఊకదుమ్ముకు వర్తించే న్యాయం పెట్రోలు తుంపరకు వర్తించకుండా పోదు. గోడకు అంటిన పెట్రోలు తడిపొరగా మారి నింపాదిగా పాకుతుంది. ఒక సిలిండరుకు ఎక్కువ, ఒక సిలిండరుకు తక్కువ అందుతుంది. కార్ల కంపెనీలు ఈ తడిపొర బాధ తప్పించడానికే పూర్వం మానిఫోల్డును రేడియేటరు వేడినీళ్లతో గాని, పొగగొట్టం వేడితో గాని వెచ్చబరిచేవారు. పెట్రోలు గాలిలో కలిసేది ఎక్కువగా ఆవిరి కావడం వల్ల. ఆవిరికి కావలసింది వేడి.

ఆ మాటకొస్తే హైదరాబాదు ఎండల్లో పెట్రోలు ఆవిరి కాకపోవడం అనే సమస్యే తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో అంబాసిడరు, ఫియట్ నడిపిన పాత డ్రైవర్లను అడిగితే దీనికి ఎదురు సమస్య చెబుతారు. పెట్రోలు పంపులోనే, గొట్టంలోనే ఆవిరై బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. తడిగుడ్డ తెచ్చి పంపు మీద చుట్టి, అది చల్లబడే దాకా చెట్టు నీడన కూర్చునేవారు. అటువంటి వూళ్లో పెట్రోలును ఆవిరి చేయడానికి రేకు చక్రం అమ్మడం గోదావరి గట్టు మీద నీళ్ల కుండ అమ్మడం వంటిది.

సుడికి విలువే లేదనడం కూడా సబబు కాదు. సిలిండరు లోపల, నిప్పురవ్వ పడే క్షణాన గాలి కల్లోలంగా వుంటే మంట త్వరగా పాకుతుంది. బ్రిటిషు ఇంజనీరు హ్యారీ రికార్డో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లోనే దీన్ని పట్టుకుని సిలిండరు తలకాయ ఆకారం మార్చి మంచి ఫలితం సాధించాడు. డీజిలు ఇంజన్లలో గాలి వచ్చే దారిని శంఖంలా మెలిపెట్టి పోతపోయడం మామూలే. అయితే ఇదంతా ఇంజనును తయారుచేసేటప్పుడు, వాల్వు దగ్గర, పిస్టను తల మీద చేసే పని. చక్రం అమ్మేవారు చేస్తున్నది ఒకచోటి నిజాన్ని తీసుకువచ్చి మరోచోట అమ్ముకోవడం.

ఇక ఆ ఇరవై ముప్ఫై శాతం మాట. సరిగ్గా ట్యూనింగు చేసిన పెట్రోలు ఇంజనులో ఇంధనంలోని శక్తి నూటికి తొంభై అయిదు నుంచి తొంభై ఎనిమిది పాళ్లు మంటలోనే విడుదల అవుతుంది. కాలకుండా వృథా అయ్యేది రెండు నుంచి అయిదు పాళ్లు. ఏ మాయ చక్రమో పెట్టి ఆ చివరి చుక్కను కూడా కాల్చగలిగినా, నాలుగు వందల పెట్రోలు మీద మిగిలేది ఎనిమిది నుంచి ఇరవై రూపాయలు. అరవై ఆరు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజనులో అసలు నష్టం కాలకపోవడం వల్ల కాదు. కాలిన తర్వాత పుట్టిన వేడిలో పెద్దభాగం రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా పోవడం వల్ల. గాలిని కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా ఆ వేడి తిరిగిరాదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఈ చక్రంలో పెట్రోలు పొదుపూ అంతే.

కొన్ని పాత బండ్లలో పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ వస్తుంది, అక్కడ ఎక్కువే వృథా అవుతుంది గదా అని అడగవచ్చు. నిజమే. కాని అక్కడ పెట్రోలు కాలనిది కలవక కాదు, చాలినంత గాలి లేక. గాలి చాలనిచోట గాలికి అడ్డం పెట్టడం ఏం వైద్యం? దానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, దాన్ని తిప్పడం తెలిసిన చెయ్యి.

మరి వాడినవారు పెరిగిందంటున్నారే?

ఈ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీల్లేదు. చక్రం బిగించాక మైలేజి పెరిగిందని ప్రమాణం చేసి చెప్పేవారు వుంటారు. వారు అబద్ధమాడటం లేదు. చక్రం బిగించాలంటే ఎయిర్ ఫిల్టరు విప్పాలి. విప్పిన మెకానిక్కు దానిలోని దుమ్ము దులపకుండా మళ్లీ పెట్టడు. చేతిలో చెయ్యిగా ఐడిలింగు సరిచేస్తాడు, ప్లగ్గు తుడుస్తాడు, టైర్లలో గాలి చూసుకొమ్మంటాడు. డబ్బు పెట్టి కొన్నవాడు ఆ వారమంతా మైలేజి మీదనే కన్నేసి, యాక్సిలరేటరు మీద కాలు పూలచెండు మీద పెట్టినట్లు పెడతాడు. మైలేజి పెరగక ఏం చేస్తుంది? పేరు మాత్రం చక్రానికి పోతుంది. రెండు నెలలకు ఫిల్టరు మళ్లీ దుమ్ము పట్టి, కాలు మళ్లీ బరువెక్కేసరికి మైలేజి మొదటికే వస్తుంది. అప్పటికి ఎవరూ లెక్క రాసుకోరు.

ఈ ఆశ చైతన్యపురిది మాత్రమే కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇటువంటి సాధనాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తే, అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ వాటిని పరీక్షకు పెట్టింది. ఏళ్ల తరబడి వందకు పైగా సాధనాలను పరిశీలించి, చెప్పుకోదగ్గ పొదుపు చేసేది ఒక్కటీ లేదని తేల్చింది. 2005లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రిక అచ్చంగా ఈ గాలితిప్పుడు చక్రాలనే రెండింటిని బండికి బిగించి చూస్తే రెండింటితోనూ ఇంజను గరిష్ఠ శక్తి తగ్గింది, పొదుపు కనిపించలేదు. మన పక్క రాష్ట్రంలో 1996లో రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేస్తానంటే పెద్ద పెద్దవారే నోరు తెరుచుకుని చూసిన ముచ్చట చాలామందికి గుర్తుండే వుంటుంది. ఆ వ్యవహారం 2016లో చెన్నై కోర్టు వేసిన జైలు శిక్షతో గాని తేలలేదు. పెట్రోలు పేరు చెబితే చదువుకున్నవారు కూడా మెత్తబడిపోతారు.

కార్లలో కార్బురేటరు 2000 ప్రాంతంలోనే వెనక్కు తగ్గింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ ఆరు నిబంధనలు వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాల్లో కూడా చాలా వాటికి ఇంజెక్షను పద్ధతి వచ్చింది. అయినా చక్రం అమ్మకం మాత్రం ఆగలేదు. ఇంజెక్షను కార్లలో సాధారణంగా పెట్రోలును వాల్వు దగ్గర చిమ్ముతారు. పైన చక్రం తిప్పేది పెట్రోలు లేని ఒట్టి గాలిని. కలపడానికి రెండో వస్తువే లేదు! గాలిని కొలిచే సెన్సారు వున్న కార్లలో ఆ కొలత తప్పి వున్న మైలేజి పోయే ప్రమాదం కూడా లేకపోలేదు.

ఇందులో మెకానిక్కుల పాత్ర గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇంజను చప్పుడు చెవితో విని, స్క్రూను పావు మలుపు తిప్పి కార్బురేటరును దారికి తెచ్చే పనివారు ఈ సందుల్లో ఇంకా వున్నారు. ఇది పుస్తకం చదివి నేర్చుకునే విద్య కాదు. కుర్రతనంలో గురువు దగ్గర పానాలు అందిస్తూ నేర్చినది. 2020కి ముందు కొన్న మోటారు సైకిళ్లు, స్కూటర్లు వేలాదిగా ఇప్పటికీ వీరి చేతుల మీదనే నడుస్తున్నాయి. జెట్ కడిగి, ఫ్లోటు మట్టం చూసి, ఫిల్టరు మార్చి వీరు అడిగే కూలికి వాహనదారులు బేరమాడతారు. అదే వాహనదారు రేకు చక్రానికి దానికి ఎన్నో రెట్లు మారుమాటాడకుండా ఇస్తాడు. చక్రం బిగించినందుకు వచ్చే కమీషను కోసం, అది పనికిరాదని తెలిసి కూడా కొందరు మెకానిక్కులు నోరు మెదపరు. తమ పనితనం వల్ల పెరిగిన మైలేజిని చక్రం ఖాతాలో జమ వేయడమంటే తమ కడుపు తామే కొట్టుకోవడమని వారికి తట్టకపోవడం విచారకరం.

నమ్మకం కుదరనివారు పరీక్షించి చూసుకోవచ్చు. దానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. ముందు ఫిల్టరు, ప్లగ్గు, టైర్ల గాలి సరిచేయించుకోవాలి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర టాంకు నిండా పోయించి కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే నింపి ఎంత పట్టిందో రాసుకోవాలి. తర్వాత చక్రం బిగించి అంతే దూరం, అదే దారిలో తిరగాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది, అసలు ముఖ్యమైనది: చక్రం తీసేసి మూడోసారి తిరగాలి. మొదటిసారికీ మూడోసారికీ నడుమ వచ్చే తేడా కంటే చక్రం చూపిన తేడా పెద్దదైతే అప్పుడు మాట్లాడవచ్చు. ఇంకో సులువు కూడా వున్నది. కాలుష్య పరీక్ష చేసేవారు పెట్రోలు బండికి ఇచ్చే చీటీలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్ల అంకెలు వుంటాయి. పెట్రోలు నిజంగా ఇంకా బాగా కాలుతున్నట్లయితే ఆ అంకెలు తగ్గాలి. బండి నిలబెట్టి చేసే పరీక్ష గనుక పూర్తి సాక్ష్యం కాదు గాని, చక్రం పెట్టక ముందు ఒక చీటీ, పెట్టాక ఒక చీటీ తీయించుకుంటే అమ్మినవాని ముందు పెట్టి అడగడానికి పనికివస్తాయి.

అడిగే హక్కు చట్టం ఇచ్చింది కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారికి కేంద్ర ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఇరవై శాతం పెరుగుతుందని డబ్బా మీద అచ్చువేసినవారిని, పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషను వంటి సంస్థ ఇచ్చిన పరీక్షా పత్రం చూపించమని దుకాణదారు అయినా అడగాలి, కొనేవారయినా అడగాలి. వాహనదారు నష్టపరిహారానికి జిల్లా కమీషనుకు పోవచ్చు. అయితే అక్కడ ముందుగా అడిగేది కొన్నప్పటి బిల్లు. ఈ చక్రాలు చాలావరకు చేతికి చేతిగా, బిల్లు లేకుండా అమ్ముడుపోతాయి. బిల్లు రాసిమ్మని, దాని మీద ఎంత శాతం మైలేజి పెరుగుతుందో కూడా రాసి సంతకం పెట్టమని అడిగి చూస్తే, బేరం అక్కడే తేలిపోతుంది.